గ్నూ యూనిట్స్: పాత బ్రిటిష్ కొలతలకి నేను నమ్ముకున్నది ఇదే

పాత ఇంగ్లిష్ ప్రయాణాల పుస్తకాలు తెలుగులోకి తెస్తుంటా నేను. వాటిలో మైళ్ళు, గజాలు, ఎల్‌లు (బట్ట కొలత), ఫ్యాథమ్‌లు (నీటి లోతు కొలత) అడుగడుగునా తగులుతూనే ఉంటాయి, అన్నిటికీ కింద మీటర్లలోనో కిలోమీటర్లలోనో నోట్ ఇవ్వాలి. మొదట్లో ఫోన్లో ఒక కన్వర్టర్ యాప్ వాడేవాణ్ణి, పేరు వద్దులెండి. 18వ శతాబ్దం నాటి ఐర్లాండ్ ప్రయాణం ఒకటి చేస్తున్నప్పుడు ఆ రచయిత ఫలానా ఊరి నుంచి ఇంకో ఊరికి 11 మైళ్ళు అని రాశాడు, యాప్‌లో కొడితే 17.7 కిలోమీటర్లు అంది, అదే రాసేశా. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి మ్యాప్‌లో పాత రోడ్డు వెంబడే కొలిస్తే 22 దాటుతోంది. ఆయనే పొరపాటు పడ్డాడు కాబోలని నోట్‌లో కూడా పెట్టేశా, తీరా చూస్తే ఆయన రాసింది అక్షరాలా నిజం. ఆయన లెక్క ఐరిష్ మైళ్ళలో.

ఆ దెబ్బతో వెతుక్కుంటే దొరికింది గ్నూ యూనిట్స్. ఫ్రీ సాఫ్ట్‌వేర్. బొమ్మలు బటన్లు ఏమీ ఉండవు, టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో నడుస్తుంది, మీ దగ్గరున్న కొలత ఏంటని ఒక లైను, దేంట్లోకి మార్చాలని ఇంకో లైను అడుగుతుంది, అంతే. 11 ఐరిష్‌మైల్ అని కొట్టి కిలోమీటర్లు అడిగితే 22.53 వచ్చింది. అదే ఇంగ్లిష్ మైళ్ళలో అయితే 14. మ్యాప్ చెప్పినదానికి సరిగ్గా సరిపోయింది, నాకైతే ఆ రోజు ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంత తేడా అంటే, మైలుకి 320 పెర్చ్‌లు అనేది రెండు చోట్లా ఒకటే. కానీ ఇంగ్లాండ్‌లో పెర్చ్ అంటే ఐదున్నర గజాలు, ఐర్లాండ్‌లో 7 గజాలు. దాంతో ఇంగ్లిష్ మైలు 1760 గజాలైతే ఐరిష్ మైలు 2240 గజాలైంది. స్కాట్లాండ్ వాళ్ళ మైలు ఇంకోటి, సుమారు 1.81 కిలోమీటర్లు. 1824 చట్టంతో ఇంపీరియల్ కొలతలే అందరికీ అన్నారు గానీ ఐర్లాండ్ జనం ఆ తర్వాత కూడా చాలాకాలం పాత మైలే లెక్కపెట్టుకున్నారు, అందుకని పుస్తకం మీద సంవత్సరం చూసి ధైర్యంగా ఉండటానికి లేదు, రాసిన మనిషి ఏ రోడ్డు మీద నడుస్తున్నాడో చూసుకోవాలి.

దీన్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే ప్రతి కొలతా దేని మీద కట్టారో మనం చూడొచ్చు. హెల్ప్ అని కొట్టి పక్కన కొలత పేరు ఇస్తే నిర్వచనాలున్న ఫైల్ సరిగ్గా ఆ లైను దగ్గరే తెరుచుకుంటుంది, చుట్టుపక్కల దాని బంధువులన్నీ కనిపిస్తాయి. నేను ఒకసారి చైన్ చూద్దామని వెళ్ళి గంట సేపు అక్కడే ఉండిపోయా. 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లిష్ గణితవేత్త పెట్టిన సర్వే గొలుసు అది, 66 అడుగులు, 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ఈ 7.92 ఏంట్రా బాబూ అనిపిస్తుంది గానీ 10 చదరపు చైన్లు కలిపితే సరిగ్గా ఒక ఎకరం, అంటే పొలం కొలిచి లింకుల్లో రాసుకుంటే ఎకరాలు దశాంశాల్లో తేలిగ్గా వచ్చేస్తాయి, ఎంత తెలివైన పనో చూడండి. క్రికెట్ పిచ్ 22 గజాలు కూడా ఒక చైనే. బ్రిటన్ రైల్వే వాళ్ళు ఇప్పటికీ లైన్ల మీద దూరాలు మైళ్ళు, చైన్లలోనే రాస్తారు.

బట్టల లెక్క వచ్చినప్పుడు దీని విలువ ఇంకా తెలిసింది. ఎల్ అని ఉత్తినే రాసుంటే కనీసం మూడు అర్థాలు, ఇంగ్లిష్ ఎల్ 45 అంగుళాలు, ఫ్లెమిష్ ఎల్ 27, స్కాట్స్ ఎల్ దాదాపు 37. వీటికి వేర్వేరు పేర్లే ఉన్నాయి ఇందులో. ఒక వ్యాపారి 100 ఎల్‌ల నార బట్ట కొన్నాడంటే అది 114 మీటర్లా, 69 మీటర్లా? ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) సరుకు ఫ్లెమిష్ ఎల్‌లలోనే కొని ఇంగ్లాండ్‌లో ఇంగ్లిష్ ఎల్‌లలో అమ్మితే 100 కాస్తా 60 అవుతుంది, ఈ సంగతి తెలీకుండా ధర గురించి నోట్ రాస్తే మొత్తం తలకిందులే. ఫ్యాథమ్‌కి మాత్రం ఈ గొడవ లేదు, మన బార లాంటిదే, 6 అడుగులు.

1959లో గజం అంటే 0.9144 మీటర్లు అని ఖాయం చేశారు కదా, అంతకుముందు బ్రిటన్‌లో ఉన్న గజం వెంట్రుకవాసి తక్కువ. ఆ పాత బ్రిటిష్ గజం కూడా ఇందులో విడిగా ఉంది. తేడా మైలుకి 3 మిల్లీమీటర్ల లోపే, నా పుస్తకాలకి అక్కర్లేదు, కానీ పెట్టారంటే చేసినవాళ్ళకి ఈ పని మీద ఎంత శ్రద్ధో అర్థమవుతుంది.

లోటు చెప్పాలంటే, ఉత్తి మైల్ అని కొడితే మారుమాట లేకుండా 1760 గజాల మైలే తీసుకుంటుంది, ఇది ఐరిష్ మైలేమో అని హెచ్చరించదు. పేర్లన్నీ స్పేస్ లేకుండా కలిపి కొట్టాలి, గుర్తుండవు. పేరు గుర్తు రానప్పుడు రెండో లైన్లో ప్రశ్నార్థకం కొట్టండి, ఆ జాతి కొలతలన్నీ వరసగా చూపిస్తుంది. పొడవుని పొరపాటున విస్తీర్ణంలోకి మార్చమంటే మాత్రం కుదరదని అక్కడికక్కడే చెప్పేస్తుంది, చైన్లు ఎకరాలు కలిసిన పేజీల్లో ఇది నన్ను చాలాసార్లు కాపాడింది.

లినక్స్‌లో యూనిట్స్ అనే ప్యాకేజీ ఎక్కించుకుంటే చాలు. మ్యాక్‌లో ముందే ఉండే యూనిట్స్ కమాండ్ ఇది కాదు, పేరు ఒకటే గానీ అది వేరే ప్రోగ్రామ్, అందుకని గ్నూది విడిగా ఎక్కించుకుని అప్పుడు ఐరిష్‌మైల్ అడగండి.