మారుతి 800 ఇంజన్ పని: ఏ పార్టుకి డబ్బు పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు

విజయవాడ ఆటోనగర్‌లో మా మారుతి 800కి ఇంజన్ పని చేయించి రెండేళ్లు దాటింది. కార్బురేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇప్పుడు నీలం పొగ లేదు, ఆయిల్ మార్చాక మళ్లీ మార్చేదాకా డిప్‌స్టిక్ మీద మట్టం పెద్దగా దిగట్లేదు. అందుకే ధైర్యంగా చెప్తున్నా: మళ్లీ ఇంజన్ విప్పితే తప్ప చేతికి అందని పార్టులన్నీ మంచివి కొనండి, పైనుంచి స్పానర్ పెడితే ఊడొచ్చే వాటి దగ్గర మిగుల్చుకోండి.

ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, గేజ్‌తో చూపించండి. మాకు ఒక సిలిండర్‌లో బాగా తక్కువ వచ్చింది, ప్లగ్ తీసిన రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే గేజ్ ముల్లు పైకి లేచింది. అంటే లీకు రింగుల దగ్గర. ముల్లు లేవకపోతే వాల్వులనో హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. అప్పుడు హెడ్ (సిలిండర్ల పైమూత) పనితోనే సరిపోవచ్చు, సిలిండర్ గోడల్ని చెక్కించే బోరింగ్ ఖర్చు తప్పుతుంది.

అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 68.5 మి.మీ. అరుగుదల ఎక్కువుండి 0.50 మి.మీ. పెద్ద సైజుకి (ఓవర్‌సైజు) వెళ్లాం. ఇక్కడ మాత్రం గట్టిగా పట్టుబట్టండి: పిస్టన్లు ముందే కొని లేత్ షాపులో ఇచ్చి, ఒక్కోదాన్నీ మైక్రోమీటర్‌తో కొలిచాకే బోరు కొట్టమనండి, ఎందుకంటే పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క, డబ్బా మీద అంకె చూసి కొట్టేస్తే సరిపోదు. పిస్టన్లు, రింగులు ఇండియా పిస్టన్స్, గోయెట్జ్ లాంటి పేరున్నవే, అదీ బిల్లుతో. మా మేస్త్రీ రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, తిరగేసిన పిస్టన్‌తో కాస్త లోపలికి నెట్టి సమంగా కూర్చోబెట్టి, రెండు చివరల మధ్య ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూశాడు. ఈ బోరుకి పావు మిల్లీమీటరు అటూఇటూ ఉంటే చాలు. మరీ తక్కువుంటే వేడికి చివరలు ఆనుకుని బోరు గీసుకుపోతుంది. ఈ పని మీ కళ్లముందే చేయించండి.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) విప్పగానే దాన్ని అరగదీయించే గ్రైండింగ్ అంటారు. ముందు కొలిపించండి. మాది స్టాండర్డ్ సైజులోనే ఉంది, కొత్త బేరింగులతో అయిపోయింది, అక్కడ మిగిలిన డబ్బు ఆయిల్ పంపుకి వెళ్లింది. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చవకైన రబ్బరు ముక్కే, కానీ అది కారితే గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి ఒరిజినలే వేయండి. హెడ్ గ్యాస్కెట్, వాల్వ్ సీల్స్, టైమింగ్ బెల్ట్, టెన్షనర్ కూడా అంతే.

మేం మిగుల్చుకున్నది ఇలా: కార్బురేటర్ కొత్తది కొనకుండా కడిగించి రిపేర్ కిట్ వేశాం. ఆల్టర్నేటర్‌కి కార్బన్ బ్రష్‌లు మార్చాం. వాల్వులు పాతవే, పేస్టుతో రుద్ది కూర్చోబెట్టే లాపింగ్ పట్టిస్తే బాగానే కూర్చున్నాయి. పైపైన ఉన్నా సరే రేడియేటర్ హోస్ పైపులు, థర్మోస్టాట్ దగ్గర మాత్రం బేరాలొద్దు, అవి పోతే ఇంజన్ వేడెక్కి మంచి గ్యాస్కెట్, ఫేసింగ్ చేయించిన (అడుగు చదును చేయించిన) హెడ్ రెండూ పోతాయి.

ఇంజన్ మౌంటింగులు లోకల్‌వి వేయించాం. ఏడాదికే గట్టిపడి, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణికేది. ఇంజన్ కింద జాకీ పెట్టి కాసేపట్లో మార్చేశారు, పెద్ద ఖర్చేం కాలేదు. ఆయిల్ విషయానికొస్తే మామూలు 20డబ్ల్యూ-40 పోయించి, మొదటి 500 కి.మీ.కే ఫిల్టర్‌తో సహా మార్చేశాం, పాత ఆయిల్‌లో మెరిసే రజను కనిపించింది, రెండోసారి మార్చినప్పుడు లేదు.