ఆరు వేసవుల అనుభవం: మా పర్లాకిమిడి కళాకేంద్రం, పిల్లల శిబిరం

మా అమ్మాయికి ఎనిమిదేళ్లున్నప్పుడు, 2017 వేసవిలో, మొదటిసారి మా ఊరి కళాకేంద్రం వేసవి శిబిరంలో చేర్చాను. వరుసగా మూడు వేసవులు వెళ్లింది. తర్వాత తలుపులు మూతపడ్డాయి. 2023లో మళ్లీ తెరిచేసరికి మా అబ్బాయికి ఏడేళ్లు. 2025తో వాడికీ మూడు శిబిరాలు పూర్తయ్యాయి. పాత రోజులూ కొత్త రోజులూ రెండూ చూసిన తల్లిగా ఇది రాస్తున్నాను. మా వీధిలోనూ, ఒడిశాలోని మా ఊరి నుంచి సరిహద్దు దాటగానే ఆంధ్రలో వచ్చే పాతపట్నంలోనూ చాలామంది "పిల్లల్ని పంపవచ్చా?" అని అడుగుతున్నారు. పంపవచ్చు. నాకు ఇంకో బిడ్డ ఉంటే ఆ బిడ్డనూ పంపేదాన్ని. మూడు వారాల్లో పిల్లవాడు కళాకారుడై తిరిగివస్తాడని అనుకునేవారు మాత్రం ఇది చదివాక నిర్ణయించుకోండి.

కేంద్రం మూతపడడం ఒక్కరోజులో జరిగింది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అది మా గజపతి జిల్లాను ఎంత కుదిపిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పెద్ద గది మీది రేకులు సగం ఎగిరిపోయాయి. హార్మోనియం నానిపోయింది, తబలాలకు బూజు పట్టింది. 2019 శిబిరం టార్పాలిన్ కిందనే నడిచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో తాళం పడింది, మూడేళ్లు అలాగే ఉంది. వసారాలో ఎవరో సిమెంటు బస్తాలు పేర్చారు. మా అమ్మాయి ఆ దారిన బడికి వెళ్లేటప్పుడు తల తిప్పుకుని నడిచేదని తర్వాత ఎప్పుడో చెప్పింది. నాకు అప్పుడు తెలియలేదు, తెలిసి ఉంటే ఆ మూడేళ్లలో ఇంట్లోనైనా ఏదో ఒకటి ఏర్పాటు చేసేదాన్ని.

తెరిపించింది ఊరివాళ్లే. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు. కిటికీ చట్రాలను వడ్రంగులు కూలి తీసుకోకుండా బాగుచేశారు. కొత్త రేకులు పడ్డాయి, గోడలకు సున్నం వేశారు. వేపచెట్టు కింద అరుగును మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచారు. ఆ అరుగే కేంద్రానికి ప్రాణం, దాన్ని కదిలించకపోవడం మంచి పని.

అన్నిటికంటే మెరుగైన మార్పు వేళల్లో వచ్చింది. పాత రోజుల్లో శిబిరం మధ్యాహ్నం దాకా సాగేది, పిల్లలు వాడిపోయి ఇంటికొచ్చేవారు. ఇప్పుడు ఉదయం ఏడింటికి మొదలై పదిన్నరకల్లా అయిపోతుంది. మధ్యలో గ్లాసుడు మారేడు పండు పానకం ఇస్తారు. ఒడియా ఇళ్లలో కొత్త సంవత్సరం పణా సంక్రాంతికి చేసుకునే బెల పణా అదే. తేదీల విషయంలోనూ ఆలోచించారు. ఒడిశాలో ఎండలు ముదిరితే వేసవి సెలవులు ముందుగానే ఇచ్చేస్తారు. ఆంధ్రలో బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. రెండు వైపులా పిల్లలకు వీలుగా మే నెల మొదటి మూడు వారాలు ఎంచుకున్నారు. అందుకే పాతపట్నం పిల్లలు కూడా వస్తున్నారు. రుసుము 2023లో ఆరువందలు, ఇప్పుడు తొమ్మిదివందలు. కట్టలేమని చెప్పిన వాళ్లను ఎవరినీ వెనక్కి పంపలేదు, ఆ సంగతి నేను కళ్లారా చూశాను.

ఇక పాఠాలు. నా దృష్టిలో శిబిరం మొత్తానికి కొమ్ము పని ఒక్కటే చాలు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు దేశమంతటా పేరుంది. కొంగలు, జింకలు, దువ్వెనలు దుకాణాల అద్దాల వెనుక చూస్తూనే పెరిగాం. అవి ఎలా తయారవుతాయో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అదే ఊళ్లో ఉంటూ తెలియకపోవడం నాకు సిగ్గుగా అనిపించింది. కొమ్ము నేర్పేది ఒక పెద్దాయన. పిల్లలంతా ఆయన్ని ఒడియాలో 'అజా' అని, అంటే తాతయ్యా అని పిలుస్తారు. మొదటిరోజు ఆయన ఎవరికీ ఏమీ నేర్పలేదు. గేదె కొమ్మును నిప్పుల మీద తిప్పుతూ కాచాడు. వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంది, సగంమంది పిల్లలు ముక్కు మూసుకుని వేపచెట్టు దాకా పరుగెత్తారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రాయిలా ఉన్న కొమ్ము మెత్తబడి చేతిలో వంగుతుంటే ఒక్కొక్కరే వెనక్కి వచ్చి చుట్టూ కూర్చున్నారు.

చిన్నపిల్లలకు రంపం, ఉలి ఇవ్వరు. కోసి చెక్కిన ముక్కను చేతికిచ్చి, గరుకు కాగితంతో నున్నగా చేయమంటారు. వినడానికి ఇది చిన్న పనిలా ఉంటుంది. మా అబ్బాయికి చేప ఆకారంలో చెక్కిన కొమ్ము ముక్క ఇచ్చారు, అరచేతిలో సగం ఉంటుంది. నాలుగు రోజులు అదే పని. రెండోరోజు ఇంటికొచ్చి "అమ్మా, ఇది ఇక నున్నబడదు" అని విసిరేశాడు. మూడోరోజు అజా వాడి వేలు పట్టుకుని చేప వీపు మీద తిప్పాడట. ఎక్కడ గరుకు మిగిలిందో కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. నాలుగోరోజు సాయంత్రం వాడు ఇంట్లో కళ్లు మూసుకుని గిన్నెలు, బల్ల అంచు, గోడ, అన్నీ తడిమి చూస్తూ తిరిగాడు. కొమ్ము లోపల పొరలు ఉంటాయని, నున్నబడే కొద్దీ నలుపులో నుంచి తేనెరంగు గీత పైకి వస్తుందని వాడు నాకు చూపించాడు. ఇంతకాలం కొమ్ము బొమ్మకు రంగు పూస్తారేమో అనుకున్న మనిషిని నేను.

పాత కేంద్రంలో ఈ పాఠం లేదు. అప్పుడు బజారులో దొరికే బొమ్మలకు రంగులు వేయించేవారు, కాగితం పూలు చేయించేవారు. మా అమ్మాయి చేసిన కాగితం పూలగుత్తి ఇప్పటికీ అటకమీద ఉంది కానీ, దాన్ని చేసేటప్పుడు తను ఏం నేర్చుకుందో తనకే గుర్తులేదు. ఊళ్లో ఉన్న పనిని ఊరి పిల్లల చేతికివ్వడమే కొత్త కేంద్రం చేసిన అసలైన మేలు.

ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల చిత్రాల విషయంలో నాకు మెచ్చుకోలూ ఉంది, బాధా ఉంది. కొండమీది సవర పల్లె నుంచి ఒక అక్క వచ్చి నేర్పుతుంది. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, లేత వెదురు పుల్లను కుంచెలా చేసుకుని వేసే చిత్రాలివి. ముందు చుట్టూ అంచు గీసి, ఆపైన లోపలికి నింపుకుంటూ వస్తారు. సవరల ఇళ్లలో ఇది అలంకారం కాదు, దేవతలకూ పూర్వీకులకూ గోడమీద ఇల్లు కట్టడం. ఆ మాట ఆమె మొదటిరోజే పిల్లలకు చెప్పింది. "మా పెద్దలకు మేం కట్టే ఇల్లు మీరు గీయవద్దు. గీసే పద్ధతి నేర్చుకోండి, మీ ఇల్లు గీయండి" అంది. అంతే, పిల్లలు కుళాయి దగ్గర బిందెల వరుస గీశారు, పాతపట్నం బస్సు గీశారు, గుణుపురం రైలు గీశారు. ఒక పాప తన నానమ్మ చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటుంటే పక్కన పిల్లి కూర్చున్నట్టు గీసింది. సన్నటి పుల్లల్లాంటి కాళ్లూ చేతులతోనే ఆ ముసలమ్మ తీరు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను.

బాధ ఏమిటంటే, 2023లో సవర పాఠం చెప్పే గదిలో సవర పిల్లలు ఒక్కరూ లేరు. మరుసటి ఏడాదీ అంతే. కొండల నుంచి రోజూ ఉదయం ఏడింటికి పట్నం చేరడం ఏ పిల్లవాడికి సాధ్యం? మేం కొందరు తల్లులం గట్టిగా అడిగాక, 2025లో వసతిగృహంలో ఉండి చదువుకునే అయిదుగురిని చేర్చుకున్నారు. అయిదుగురే. వాళ్లు వచ్చిన రోజు నుంచి ఆ గదిలో పాఠం మారిపోయింది. అక్క సవరలో మాట్లాడేది, ఆ పిల్లలు మిగతావాళ్లకు ఒడియాలో అర్థం చెప్పేవారు. వాళ్లకు బస ఏర్పాటు చేసి ఇరవైమందిని రప్పించాలి. రుసుము ఇంకో వంద పెంచినా నేను సంతోషంగా కడతాను.

తెలుగు అక్షరాల పాఠం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను పిల్లల్ని పంపడం మొదలుపెట్టింది దీనికోసమే. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటువైపు వచ్చింది. తరాలు గడిచాయి. తెలుగు మాట్లాడతాం, పిల్లలు మాత్రం చదవలేరు. మా అబ్బాయి మొదటిరోజు 'పండు' అనే మాటను 'పఠడు' అని చదివాడు. ఒడియాలో 'ఠ' అక్షరం అచ్చంగా మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది మరి! పాఠం చెప్పే మాస్టారు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, తప్పు అనలేదు. పలక మీద రెండు లిపులూ పక్కపక్కన రాసి, ఏ అక్షరం దేనికి చుట్టమో పిల్లలచేతనే వెతికించాడు. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు లాగితే ఆకు చీలుతుందని, అందుకే రెండు లిపులూ గుండ్రంగా తిరిగాయని చెప్పి, ఒక ఎండుటాకు తెచ్చి గీయించి చూపించాడు. ఆకు చీలింది. ఆ రోజు తర్వాత మా వాడు సున్నాను తప్పు చదవలేదు.

ఆయన గిడుగు రామమూర్తి గారి గురించి కూడా చెప్పాడు. 1880లో ఈ ఊరి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, కొండమీది సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టి, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన మనిషి. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషీ ఆయనే. ఒడిశా ఏర్పడ్డాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయాడు. పక్కగదిలో సవర పాఠం జరుగుతుండగా ఈ గదిలో ఆ కథ విన్న పిల్లలు, విరామంలో ఆ అక్క దగ్గరకు వెళ్లి "నీళ్లను సవరలో ఏమంటారు?" అని అడగడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు.

ఇంత మంచి పాఠాన్ని చివరి అరగంటలో పెట్టడం నాకు నచ్చని విషయం. పది దాటేసరికి రేకుల కింద గది పొయ్యిలా మారుతుంది. పిల్లలకు ఆకలి, చెమట, ఇంటి ధ్యాస. ఆ పాఠాన్ని ఉదయం ఏడింటికి మార్చమని మూడేళ్లుగా అడుగుతున్నాం. ఆటపాటలు ముందుంటేనే పిల్లలు వేళకు వస్తారని జవాబు. నేను ఒప్పుకోను.

సంగీతం, నృత్యం ఓ మోస్తరు. మూడు వారాల్లో ఒడిస్సీ నేర్పుతామనడం సరికాదు. నిలబడే భంగిమలు రెండు వస్తాయి, అంతే. గంజాం వైపు పల్లెల్లో ఆడే ప్రహ్లాద నాటకం మాత్రం పిల్లలకు బాగా పట్టింది. మెట్లు మెట్లుగా కట్టే ఆ వేదిక బదులు అరుగు మీద బల్లలు పేర్చి హిరణ్యకశిపుణ్ణి దింపారు. మా వాడు ద్వారపాలకుడు. ఒక్క మాట కూడా లేని వేషం, అయినా వారం రోజులు ఇంటి గడప దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

ముగింపు రోజు గురించి నాకు 2023లో చాలా కోపం వచ్చింది. వేదిక మీద ఉపన్యాసాలు రెండు గంటలు సాగాయి. ముఖానికి రంగు వేసుకున్న పసిపిల్లలు ఎండలో నిలబడి చెమటతో కరిగిపోయారు. ఒక పాప సొమ్మసిల్లింది. ఆ మర్నాడే తల్లులం కలిసి వెళ్లి మాట్లాడాం. 2024 నుంచి వేదిక ఎత్తేశారు. ఇప్పుడు ముగింపు రోజు గదులన్నీ తెరిచి ఉంచుతారు. తల్లిదండ్రులు తిరుగుతారు, ప్రతి పిల్లా తన పని ముందు కూర్చుని అడిగిన వాళ్లకు చెబుతుంది. మా అబ్బాయి మావారి వేలు పట్టుకుని చేప వీపు మీద తిప్పాడు. కళ్లు మూసుకోమన్నాడు.

చెప్పాల్సిన లోపాలు ఇంకా ఉన్నాయి. మరుగుదొడ్లు రెండే, ఆడపిల్లలకు విడిగా ఒకటి అత్యవసరంగా కావాలి. తాగునీటి కుండలు ఎనిమిదిన్నరకే ఖాళీ అవుతాయి, సీసా ఇచ్చి పంపండి. పాతపట్నం నుంచి వచ్చే పిల్లలకు వాహనం లేదు, నాలుగు కుటుంబాలు కలిసి ఆటో మాట్లాడుకుంటున్నాయి. అన్నిటికంటే పెద్ద లోపం, మే నెల అయ్యాక జూన్‌లో ఏమీ లేకపోవడం. శిబిరం బాగా జరిగిందో లేదో ముగింపు రోజున తెలియదు, వానలు పడ్డాక ఆగస్టులో తెలుస్తుంది. 2023 ఆగస్టుకు మా వాడు సగం అక్షరాలు మరిచిపోయాడు. ఇప్పుడు నెలకు రెండు శనివారాలు సాయంత్రం అరుగు మీద కూర్చోబెడుతున్నారు. మా అమ్మాయి, పదహారేళ్లది, అక్కడ చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. తల తిప్పుకుని నడిచిన దారినే వెళుతోంది.

చేర్చేవాళ్లు ఏప్రిల్ మొదట్లోనే వెళ్లి పేరు రాయించండి, కొమ్ము పనికి ఇరవైమందినే తీసుకుంటారు. కట్టుకోవడానికి పాత బట్టలు ఇవ్వండి. సవర పాఠం ఉన్న రోజు తెల్ల చొక్కా వేసి పంపవద్దు, ఆ ఎర్రమట్టి మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.