1946 నాటి మొదటి ఎన్‌బీఏ మ్యాచ్ బాక్స్ స్కోర్, చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తా, బాస్కెట్‌బాల్ స్టాట్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లు ఈ ఒక్క బాక్స్ స్కోర్ షీట్ (ఆటగాళ్లవారీగా మ్యాచ్ లెక్కలు రాసిన పట్టిక) తప్పకుండా దగ్గర పెట్టుకోండి, కానీ పాయింట్ల వరస చూసేసి ఎవరు గొప్ప ఎవరు తక్కువ అని తేల్చడానికి మాత్రం వాడొద్దు. 1946 నవంబర్ 1న టొరంటోలో మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో న్యూయార్క్ నిక్స్‌కీ టొరంటో హస్కీస్‌కీ జరిగిన మ్యాచ్ ఇది, నిక్స్ 68-66తో గెలిచారు. అప్పటికి లీగ్ పేరు బీఏఏ, 1949లో ఎన్‌బీఎల్ అనే ఇంకో లీగ్‌తో కలిసి ఇప్పటి అమెరికా ప్రో లీగ్ ఎన్‌బీఏ అయింది, అందుకే ఎన్‌బీఏ దీన్నే తన మొదటి మ్యాచ్‌గా లెక్కేసుకుంటుంది. 7,090 మంది వచ్చారు, హస్కీస్ ఆటగాడు జార్జ్ నోస్‌ట్రాండ్ 6 అడుగుల 8 అంగుళాలు, అతనికంటే పొడుగున్నోళ్లకి టికెట్ ఫ్రీ అని ప్రకటన కూడా ఇచ్చారు.

షీట్‌లో ఏముంటుందంటే పేరు, వేసిన బాస్కెట్లు, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా వేసే ఒక్క పాయింట్ షాట్లు), ఫౌల్స్, పాయింట్లు, అంతే. రీబౌండ్లు (షాట్ తప్పాక బాల్ పట్టుకోవడం) లీగ్ లెక్కపెట్టడం మొదలెట్టింది 1950-51లో, ఆడిన నిమిషాలు 1951-52 నుంచి, స్టీల్స్ (బాల్ లాక్కోవడం), బ్లాక్స్ (షాట్ అడ్డుకోవడం) అయితే 1973-74 దాకా లేవు, టర్నోవర్లు (బాల్ పోగొట్టుకోవడం) ఇంకా లేటు, 1977-78. మూడు పాయింట్ల గీత 1979-80లో వచ్చింది కాబట్టి ఇక్కడ ప్రతి బాస్కెట్ రెండే, అందుకని బాస్కెట్లని రెండుతో గుణించి ఫ్రీ త్రోలు కలిపితే పాయింట్లు సరిపోవాలి, ఏ పాత షీట్ చేతికొచ్చినా నేను ముందు చేసేది ఈ కూడికే, చాలాసార్లు టైపింగ్ తప్పులు ఇక్కడే దొరికిపోతాయి.

అసలు విషయం ఎడ్ సడౌస్కీ లైన్. హస్కీస్ సెంటర్ (బోర్డు దగ్గర ఆడే పొడుగు ఆటగాడు), కోచ్ కూడా అతనే. 18 పాయింట్లు, మ్యాచ్ మొత్తంలో అతనే టాప్, నిక్స్ వైపు టాప్ లియో గాట్లీబ్ 14. పైపైన చూస్తే సడౌస్కీ బాగా ఆడాడు, టీమ్ రెండు పాయింట్లతో ఓడింది, కథ అయిపోయింది అనిపిస్తుంది. కానీ పక్కన ఫౌల్స్ కాలమ్‌లో 5 ఉంది చూడండి, ఆ సీజన్‌లో అయిదో ఫౌల్‌కే బయటికి, ఇప్పట్లా ఆరు కాదు, ఆ అయిదోది రెండో హాఫ్ మొదలైన మూడు నిమిషాలకే పడింది. అంటే 48 నిమిషాల ఆటలో ఆయన మహా అయితే 27 నిమిషాలు ఉండి 18 కొట్టాడు, నిమిషాల కాలమ్ లేదు కాబట్టి షీట్ ఇదేం చెప్పదు. ఫౌల్స్ కాలమ్‌ని ఎవరూ పట్టించుకోరు గానీ పాత షీట్లలో ఎక్కువ సమాచారం దాక్కుని ఉండేది అక్కడే అని నాకు గట్టి నమ్మకం, ఎవరి పక్కనైనా లిమిట్ నంబర్ కనిపిస్తే అక్కడ ఆగి ఎప్పుడు బయటికెళ్లాడో మ్యాచ్ రిపోర్ట్‌లో వెతకండి. వరుసక్రమం కూడా అంతే, లీగ్ చరిత్రలో మొదటి బాస్కెట్ వేసింది నిక్స్ గార్డ్ ఆసీ షెక్ట్‌మన్, షీట్‌లో మాత్రం ఆ బాస్కెట్ మిగతావాటిలో కలిసిపోయింది.

ఈ షీట్ నాకెందుకు ఇంత దగ్గరైందంటే, మన దగ్గర జిల్లా టోర్నమెంట్లలో టేబుల్ దగ్గర కూర్చుని రాసే స్కోర్ షీట్ కూడా దాదాపు ఇంతే. రన్నింగ్ స్కోర్‌లో బాస్కెట్‌కి అడ్డగీత, ఫ్రీ త్రోకి నిండు చుక్క, మూడు పాయింట్లకి జెర్సీ నంబర్ చుట్టూ సున్నా, ఇంకోవైపు ఫౌల్స్. రీబౌండ్లు ఎవరూ రాయరు, స్క్రీన్ పెట్టినోడి (తోటి ఆటగాడి కోసం ప్రత్యర్థికి అడ్డంగా నిలబడినోడి) పేరు అసలు రాదు. సెలెక్షన్‌లప్పుడు ఆ కాగితం చూసి పాయింట్లున్న పిల్లాడిని తీసుకుంటారు, బోర్డు కింద ఒళ్లు హూనం చేసుకున్న పిల్లాడు ఇంటికెళ్తాడు, నాకు నిజంగా బాధనిపించే విషయం ఇది. అందుకే జూనియర్లకి ముందు సడౌస్కీ లైన్ చూపిస్తా.

దీనికి జోడీగా ఇంకో షీట్ కూడా వాడతా, 1950 నవంబర్ 22, మినియాపొలిస్‌లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ 19, లేకర్స్ 18, ఎన్‌బీఏలో ఇప్పటికీ అతి తక్కువ స్కోర్. రెండు టీములూ నాలుగేసి బాస్కెట్లే వేశాయి, పిస్టన్స్ ఫ్రీ త్రోలు 11, లేకర్స్‌వి 10, మ్యాచ్ పోయింది ఆ ఒక్క తేడాతోనే. లేకర్స్ నాలుగు బాస్కెట్లూ జార్జ్ మైకన్‌వే, 18లో 15 పాయింట్లు ఆయనవే. ఇక్కడ షీట్ ఒంటరిగానే బోలెడు చెప్పేస్తుంది, పిస్టన్స్ మ్యాచ్ మొత్తం మీద వేసిన షాట్లు 13, అంటే బాల్ చేతిలో పెట్టుకుని కూర్చున్నారన్నమాట, మైకన్‌ని ఆపడానికి అదే వాళ్ల ప్లాన్. షాట్ క్లాక్ (24 సెకన్లలో షాట్ వేయాలనే గడియారం) లేని రోజులు కదా, అది 1954-55లో సిరక్యూస్ టీమ్ ఓనర్ డానీ బయాసోన్ పట్టుబట్టాక వచ్చింది, వచ్చిన మొదటి సీజన్‌లోనే టీమ్ సగటు 79.5 నుంచి 93.1కి వెళ్లింది.

కొత్తగా చూసేవాళ్లకి ఒక జాగ్రత్త, షూటింగ్ శాతాలు (వేసిన షాట్లలో ఎన్ని పడ్డాయో) చూసి వీళ్లకి ఆట రాదని కొట్టిపారేయకండి. 1946-47లో సగటున 23.2 పాయింట్లతో టాప్‌లో నిలిచిన జో ఫల్క్స్ శాతం 30.5 మాత్రమే, కానీ లీగ్ మొత్తం సగటే 28 లోపు, అంటే ఆయన సగటుకి పైనే. అసిస్ట్‌లూ (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) అంతే, ఆ ఏడాది టాప్ ఎర్నీ కాల్వర్లీ సీజన్ మొత్తానికి 202, మ్యాచ్‌కి నాలుగు కూడా లేవు. అప్పట్లో అసిస్ట్ రాయడంలో స్కోరర్లు చాలా గట్టిగా ఉండేవాళ్లు, ఇప్పటి లెక్కతో పోల్చి ఏం లాభం లేదు.

ఇంకొకటి, పాత డేటాని ఎక్సెల్‌లోకి దించుకునేవాళ్లు ఖాళీ గడులు చూసుకోండి, కొన్నిచోట్ల లెక్కపెట్టని కాలమ్‌లో సున్నా పెట్టేస్తారు, అలా దించుకుంటే సడౌస్కీ లాంటి సెంటర్ ఒక్క రీబౌండ్ కూడా పట్టలేదని వస్తుంది, ఆ సగటులు చూసి ఎవరైనా నమ్మేస్తారు. ఖాళీని ఖాళీగానే ఉంచండి.

రేటింగ్ అంటే 5కి 4 ఇస్తా. రీబౌండ్లు, బ్లాక్స్ లేకపోయినా సర్దుకుంటా, తగ్గించిన ఆ ఒక్కటి నిమిషాల కాలమ్ లేనందుకు.