వేలంలో కొన్న పాత ఆల్ఫార్డ్: జపాన్ నుంచి బ్రిటన్‌కు తెప్పించుకుని ఇన్నేళ్లు నడిపాక

టయోటా ఆల్ఫార్డ్ అనే పెద్ద ఫ్యామిలీ వ్యాన్‌ని బ్రిటన్ షోరూముల్లో అమ్మరు. ఇక్కడి రోడ్ల మీద కనబడేవి దాదాపు అన్నీ జపాన్‌లో ఎవరో వాడుకుని వేలానికి పంపేసినవే. అక్కడా ఇక్కడా స్టీరింగు కుడివైపే కాబట్టి ఈ రాకపోకలు చాలాకాలంగా సాగుతున్నాయి. మాది 2011 చివర్లో తయారైన రెండో తరం బండి. 2.4 లీటర్ల పెట్రోలు, ఏడు సీట్లు. 2022 ఆఖర్లో వేలంలో పాడుకున్నాం, 2023 మొదట్లో ఇంటికొచ్చింది. చూసినవాళ్లంతా ముందు అడిగేది ఒకటే: "తెప్పించుకుంటే బాగా చవకట కదా?" అంత చవకేం కాదు. ఆ లెక్క కిందే చెబుతాను. అయినా నాకు గిట్టుబాటైంది, అందుకు కారణం వేరే.

ఆ కారణం వేలం షీటు. జపాన్‌లో పాత కార్లు ఎక్కువగా డీలర్లు మాత్రమే పాల్గొనే వేలాల్లో చేతులు మారతాయి. అందులో పెద్ద సంస్థ యూఎస్ఎస్. దాని టోక్యో వేలం చిబా జిల్లా నోదాలో ప్రతి గురువారం జరుగుతుంది. మనం నేరుగా పాడలేం, ఏజెంటు ద్వారా పాడించుకోవాలి. ప్రతి బండికీ వేలం సంస్థ ఇన్‌స్పెక్టరు ఒక కాగితం రాస్తాడు. పైన ఒక మూల గ్రేడు ఉంటుంది. 4.5 అంటే చాలా బాగున్నట్టు, 4 అంటే బాగున్నట్టు, ఆర్ అంటే గుద్దుకుని రిపేరైన చరిత్ర ఉన్నట్టు. పక్కన కారు బొమ్మ, దాని మీద చిన్న చిన్న అక్షరాలు. ఏ1 అంటే చిన్న గీత (అంకె పెరిగితే గీత పెద్దదన్నమాట), యూ1 అంటే చిన్న సొట్ట, డబ్ల్యూ అంటే పెయింటు వేసిన జాడ, ఎస్ అంటే తుప్పు. మా బండి షీటులో గ్రేడు 4, లోపలి భాగానికి బి, అంటే బాగున్నట్టే, వెనక బంపరు మీద ఏ2, కుడివైపు స్లైడింగ్ డోరు మీద యూ1. బండి వచ్చాక ఆ కాగితం పట్టుకుని చుట్టూ తిరిగి చూశాను. బంపరు మీద గీత, డోరు మీద గోరంత సొట్ట, ఎక్కడ రాశారో అక్కడే ఉన్నాయి. రాయనిదేదీ కనిపించలేదు. ఇక్కడ వాడిన కారు కొనడానికి వెళ్లి "ఒకే ఓనరు, లేడీ డ్రైవరు" అన్న కబుర్లు విన్నవాళ్లకు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

ఏజెంటుకు నేను పెట్టిన షరతులు రెండే. మంచు ప్రాంతాల బండి వద్దు, ఆర్ గ్రేడు వద్దు. హొక్కైదో వైపు చలికాలంలో రోడ్ల మీద మంచు కరిగించే రసాయనాలు చల్లుతారు, కింద ఛాసీని తుప్పు తినేస్తుంది. షీటులో తుప్పు గురించి ఒక మాట రాసి ఉన్నా, కింది నుంచి తీసిన ఫొటోలు వచ్చేదాకా పాడొద్దని చెప్పాను.

పదేళ్లు దాటిన బండే కావాలని పట్టుబట్టడానికీ కారణముంది. బ్రిటన్‌లో పదేళ్లలోపు కారును దిగుమతి చేసుకుంటే ఐవీఏ అనే విడి తనిఖీ పాస్ కావాలి. పదేళ్లు దాటితే అది అక్కర్లేదు, పాత కార్లన్నిటికీ ఏటా చేసే మామూలు ఎంవోటీ తనిఖీ చాలు. అప్పట్లో చాలామంది 2015లో వచ్చిన మూడో తరం మోడల్ మీద మోజుపడి, ఐవీఏ సంగతి డీలరు చెప్పాక నీరుగారిపోయేవారు.

ఇక డబ్బులు. వేలంలో బండి పడింది 9 లక్షల యెన్‌లకు. అప్పటి మారకం రేటు ప్రకారం అది దాదాపు 5,450 పౌండ్లు. యెన్ బాగా పడిపోయిన రోజులవి, ఆ మేరకు కలిసొచ్చింది. ఏజెంటు కమిషను, వేలం రుసుము, అక్కడి రవాణా, ఓడరేవు దాకా కాగితాల పని కలిపి ఇంకో 850 పౌండ్లు. యోకోహామా నుంచి సౌతాంప్టన్‌కు ఓడ ఛార్జీ, బీమాతో కలిపి దాదాపు 1,300.

బీమా తీసుకోవాల్సిన పని లేదని ఏజెంటు అన్నాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే కార్ల ఓడ అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర తగలబడింది, మార్చి 1న మునిగిపోయింది. దాదాపు 4,000 కార్లు, పోర్షెలు, బెంట్లీలతో సహా, సముద్రం పాలయ్యాయి. ఆ వార్త చూసినవాడిని బీమా లేకుండా ఎలా పంపిస్తాను?

బండి ధర, ఖర్చులు, ఓడ ఛార్జీ, బీమా అన్నీ కలిపితే 7,600 పౌండ్లు. సుంకం లెక్క మొదలయ్యేది ఈ మొత్తం మీద, బండి ధర మీద కాదు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. కార్ల మీద దిగుమతి సుంకం 10 శాతం, అంటే 760. ఆ సుంకాన్ని కూడా కలిపి, ఇక్కడి చిల్లర ఖర్చులూ చేర్చి, మొత్తం మీద 20 శాతం వ్యాట్. అది దాదాపు 1,690 వచ్చింది. పన్ను మీద పన్ను అన్నమాట. యెన్‌ని పౌండ్లలోకి మార్చేటప్పుడు బ్యాంకు రేటు చెల్లదు. పన్నుల శాఖ నెలనెలా ప్రకటించే కస్టమ్స్ రేటే లెక్క.

"జపాన్‌తో ఒప్పందం ఉంది కదా, సుంకం తగ్గదా?" అని అడుగుతారు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్, జపాన్ మధ్య వాణిజ్య ఒప్పందం అమల్లో ఉన్నమాట నిజమే, కార్ల సుంకం అందులో మెల్లగా తగ్గుతూ వచ్చినమాటా నిజమే. కానీ ఆ రాయితీ కావాలంటే బండి పుట్టుక జపాన్‌దేనని నిబంధనల ప్రకారం రుజువు చూపాలి. కొత్త కారుకైతే కంపెనీ ఇస్తుంది. ముగ్గురి చేతులు మారి వేలానికొచ్చిన పదకొండేళ్ల బండికి ఆ ధ్రువీకరణ ఎవరిస్తారు? మా ఏజెంటు ఇవ్వలేనన్నాడు. పూర్తి 10 శాతం కట్టాను. మీరు కొనేటప్పుడు బేరం మొదట్లోనే ఈ ప్రశ్న అడగండి, బండి ఓడెక్కాక అడిగి లాభం లేదు. ముప్పై ఏళ్లు దాటిన, కలెక్టర్ల కోవలోకి వచ్చే బండ్లకు సుంకమే లేదు, వ్యాట్ కూడా 5 శాతమే. అది నిస్సాన్ స్కైలైన్ లాంటి పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చోళ్ల వ్యవహారం, మనలాంటి సంసారులకు పనికొచ్చేది కాదు.

రేవులో జరిగిన తతంగం మాత్రం చిరాకు తెప్పించింది. బండి దిగింది, కాగితాలు దిగలేదు. ఎగుమతి సర్టిఫికెట్టు అసలు కాపీ, ఓడకెక్కించిన సరుకుకు ఇచ్చే రసీదు (బిల్ ఆఫ్ లేడింగ్) రెండూ కొరియర్‌లో రావాలి. ఆ ఏజెంటు వాటిని ఆలస్యంగా పంపాడు. ఉచితంగా ఉంచే గడువు దాటాక రేవు వాళ్లు రోజుకింత అని అద్దె వేస్తారు. కస్టమ్స్ క్లియరెన్సు చేసిన ఏజెన్సీ తన ఫీజుకు ఆ అద్దె, ఆ అద్దె కట్టిపెట్టినందుకు మరో రుసుము జోడించి బిల్లు పంపింది. అన్నీ కలిపి 400 పౌండ్ల దాకా తేలింది. ఇంటికి లారీ మీద తెప్పించడానికి ఇంకో 250. వచ్చిన బండికి బ్యాటరీ చచ్చిపోయి ఉంది, రెండో తాళంచెవి లేదు.

అన్నట్టు, జపాన్‌లో ప్రతి కారుకూ రీసైక్లింగ్ డిపాజిట్ అని ఒకటి కట్టి ఉంటుంది. బండి దేశం దాటితే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ అడగనిదే ఎవరూ ఇవ్వరు. నేను అడిగాను, బిల్లులో తగ్గించారు.

రిజిస్ట్రేషను నేను భయపడినంత కష్టం కాలేదు. బండి వచ్చిన 14 రోజుల్లోపు నోవా అనే ప్రకటన పన్నుల శాఖకు ఇవ్వాలి. అది పూర్తికానిదే బండ్లు రిజిస్టరు చేసే డీవీఎల్ఏ వాళ్లు నంబరు ఇవ్వరు. నంబరు లేకుండానే ఛాసీ నంబరు మీద బీమా తీసుకుని, ముందే బుక్ చేసుకున్న ఎంవోటీకి నడుపుకుంటూ వెళ్లొచ్చు. ఎంవోటీకి ముందు వెనకవైపు ఫాగ్ లైటు పెట్టించాను, స్పీడోమీటరు మైళ్లలోకి మార్పించాను. తర్వాత వీ55/5 ఫారం నింపి, ఎగుమతి సర్టిఫికెట్టు, ఎంవోటీ, గుర్తింపు పత్రాలు, 55 పౌండ్ల ఫీజు, రోడ్డు ట్యాక్సు కలిపి స్వాన్సీలోని డీవీఎల్ఏకు పంపాను. ఎగుమతి సర్టిఫికెట్టు మీద సంవత్సరం "హేయ్‌సెయ్ 23" అని ఉంటుంది. అంటే 2011. మాకు ఆ వయసు తెలిపే '61' అంకె ఉన్న ప్లేటు వచ్చింది.

స్పీడోమీటరు మార్పుతో ఒక తమాషా ఉంది. లోపల పెట్టే చిప్పు వేగాన్ని మైళ్లలో చూపిస్తుంది, ఓడోమీటరు కూడా ఆ క్షణం నుంచి మైళ్లనే లెక్కపెడుతుంది. అంతకుముందువి మాత్రం కిలోమీటర్లే. అంటే ఇప్పుడు డయల్ మీద కనబడే అంకె సగం కిలోమీటర్లు, సగం మైళ్లు. చిప్పు పెట్టిన రోజు రీడింగు ఎంతో గ్యారేజీ బిల్లు మీద రాయించుకోండి. లేకపోతే రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మీటరు తిప్పారనుకుంటాడు.

ఫాగ్ లైటు, చిప్పు, ఎంవోటీ, బ్యాటరీ కలిపి 450, కింద తుప్పు పట్టకుండా పూత వేయించడానికి 350. ప్లేట్లు, ఫీజులతో మొత్తం 11,600 పౌండ్ల దగ్గర ఆగింది, రోడ్డు ట్యాక్సు కాకుండా. వేలం ధర 5,450 అని గుర్తుంది కదా, రెట్టింపు దాటింది. అప్పట్లో ఇక్కడి దిగుమతి డీలర్లు ఇలాంటి బండికే 13 వేలకు పైన చెప్పారు. మిగిలింది ఆ తేడా. కాగితాల వెంట తిరిగిన టెన్షన్‌కి కూలి కట్టుకుంటే అదీ మిగలదు. నచ్చిన బండిని, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసి ఎంచుకోగలిగాను, నాకు దక్కింది అదే. టయోటా యారిసో, హోండా జాజో కావాలంటే ఇక్కడే వీధికొకటి దొరుకుతుంది, ఈ బాదరబందీ అక్కర్లేదు.

వాడకం సంగతి. తలుపు తీయగానే నాకు నచ్చినవి జపాన్ యజమాని వదిలిన గుర్తులు. అద్దం మీద అక్కడి తనిఖీ స్టిక్కరు, వెనక అద్దం మీద పార్కింగ్ స్థలం ఉన్నట్టు పోలీసులు ఇచ్చిన గుండ్రటి స్టిక్కరు, డోరు పక్కన ఆఖరిసారి ఆయిల్ మార్చిన తేదీ. తాళం తిప్పగానే టోల్ కార్డు పెట్టలేదని ఒకావిడ గొంతు ఎంతో మర్యాదగా జపనీసులో చెబుతుంది. మా చిన్నది ఆ వాక్యం మొత్తం బట్టీ పట్టేసింది. ఆ పరికరం ఊడదీయిస్తానంటే ఒప్పుకోలేదు, అందుకే ఆ మాట ఇప్పటికీ వస్తూనే ఉంది. నావిగేషన్ పూర్తిగా దండగ, మ్యాపులో ఉన్నది జపానే. రేడియో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే అందుకుంటుంది కాబట్టి బీబీసీ రేడియో 2 తప్ప పెద్దగా ఏమీ పలకదు. ఫోనుకు కలుపుకుంటే ఆ గొడవ లేదు.

సీట్ల సుఖం గురించి ఎంత చెప్పినా తక్కువే. వేసవిలో అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు బర్మింగ్‌హామ్ దగ్గరున్న టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లాం. రెండో వరుస సీటు కాళ్ల కింద దిండులా పైకి లేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మధ్యలో ఎక్కడా ఆపమనలేదు. నాన్న తిరుగుదారిలో, "ఏరా, ఇలాంటిది మన తెనాలికి తెప్పించుకోలేమా?" అన్నారు. ఇండియాకు పాత కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, దాని మీద కారు ధరను మించిన పన్నులు కట్టాలి నాన్నా అని చెబితే, "అయితే ఇక్కడికే వస్తూ ఉంటాంలే" అన్నారు.

పెట్రోలు బాగానే తాగుతుంది. ఊళ్లో లీటరుకు 8 కిలోమీటర్లు, మోటార్‌వే మీద 11 లోపు. ఈ ఇంజిన్‌కు ఆయిల్ తాగుతుందన్న పేరుంది కాబట్టి నెలనెలా డిప్‌స్టిక్ చూస్తాను. మాది కొద్దిగా తాగుతుంది. స్లైడింగ్ డోరు మోటారు ఒకసారి మొరాయించింది. విడిభాగాలు ఛాసీ నంబరు ఇచ్చి జపాన్ నుంచే తెప్పించుకున్నాను, ఇక్కడి గ్యారేజీ బిగించింది. రోడ్డు ట్యాక్సు విషయంలో ముందే లెక్క వేసుకోండి. జపాన్ నుంచి తెచ్చిన బండ్లకు ఇక్కడి పద్ధతిలో కార్బన్ ఉద్గారాల అంకె ఉండదు, ఇంజిన్ సైజును బట్టి వేస్తారు. 1,549 సీసీ దాటిన బండికి 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 360 పౌండ్లు అయింది. బీమా పోలిక సైట్లలో చాలావాటికి ఈ మోడలే తెలియదు. దిగుమతి కార్లు చూసే బ్రోకర్లకు ఫోన్ చేస్తేనే సరైన ధర వచ్చింది.

లండన్‌లో ఉండేవాళ్లకు ఇంకో మాట. కాలుష్యం ఎక్కువ చేసే బండ్ల మీద రుసుము వేసే యూలెజ్ 2023 ఆగస్టు 29 నుంచి నగరంలోని అన్ని బరోలకూ (పాలనా విభాగాలకు) విస్తరించింది, కాలుష్య ప్రమాణం అందుకోని బండికి రోజుకు 12.50 పౌండ్లు. పెట్రోలు కార్లకు యూరో 4 అనే ప్రమాణం చాలు, మన ఆల్ఫార్డు దాన్ని తేలిగ్గా దాటుతుంది. కానీ దిగుమతి బండి రిజిస్ట్రేషను పత్రంలో యూరో గడి ఖాళీగా ఉంటుంది కాబట్టి వెబ్‌సైట్లో నంబరు కొడితే మొదట డబ్బు కట్టమనే చూపిస్తుంది. ఎగుమతి సర్టిఫికెట్టు మీద మోడల్ కోడుకు ముందు డీబీఏ అని ఉందేమో చూడండి. అది జపాన్ 2005 ప్రమాణం కంటే 75 శాతం తక్కువ కాలుష్యం అని తెలిపే గుర్తు. స్వాన్సీకి అసలు కాపీ పంపేముందు ఆ పేజీని రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి. పంపాక అది తిరిగి చేతికి రాదు, యూలెజ్‌కు రుజువుగా పంపాల్సింది మాత్రం అదే.