స్ట్రాజిన్‌స్కీ స్పైడర్‌మ్యాన్: పెద్దమ్మకి నిజం తెలిసిన ఆరేళ్ళు

జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ రాసిన మార్వెల్ కామిక్ అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మాట ఎత్తితే అభిమానుల వాదన రెండు చోట్లే తిరుగుతుంది. స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ పార్కర్‌ని సాలీడు కావాలనే కుట్టిందా, అతని శక్తులు ఒక జంతువు ఆత్మ నుంచి వచ్చినవా అన్న టోటెమ్ గొడవ ఒకటి. మెఫిస్టో అనే సైతానుతో బేరం కుదుర్చుకుని పీటర్ పెళ్ళిని చెరిపేసిన ముగింపు రెండోది. ఈ రెండింటి మీదా జుట్లు పట్టుకునేలోపు, ఈ రన్‌లో (ఒకే రచయిత వరసగా రాసిన సంచికల్లో) అసలు మంచి సరుకు ఏదో చెప్పడం మరిచిపోతారు. 75 సంచికల్లో పాతబడనిది 38వది. అందులో విలన్ లేడు. ఒక పెద్దావిడ, ఆవిడ పెంచిన పిల్లాడు, మాటలు. అంతే.

ఇంగ్లీషులో అందరూ ఆంట్‌లే గానీ మన వరసలో చెప్పుకుంటే మే పీటర్‌కి పెద్దమ్మ. ఆవిడ భర్త బెన్ పీటర్ తండ్రికి అన్న కదా! ఇక నుంచి పెద్దమ్మ అనే అంటాను. ఆవిడ ఈ కథలో మోసే బరువుకి ఆ మాటే సరిపోతుంది.

అక్కడిదాకా కథ ఎలా వచ్చిందో గబగబా చెప్పేస్తాను. 2001లో, రెండో వాల్యూమ్ 30వ సంచికతో స్ట్రాజిన్‌స్కీ దిగాడు. అప్పటికి ఆయన పేరు బాబిలాన్ 5 టీవీ సీరియల్ వల్ల తెలిసినది. బొమ్మలు జాన్ రొమీటా జూనియర్‌వి, ఇంకు స్కాట్ హన్నాది. పీటర్ భార్య మేరీ జేన్ దూరంగా ఉంటోంది. పీటర్ తను చదువుకున్న మిడ్‌టౌన్ హైలోనే సైన్స్ టీచర్‌గా చేరతాడు. ఎజెకియల్ అనే డబ్బున్న పెద్దమనిషి గోడలు పాకుతూ వచ్చి ఒక ప్రశ్న వేసిపోతాడు: రేడియేషన్ వల్ల సాలీడు శక్తులిచ్చిందా, లేక చచ్చేలోపు ఆ శక్తులు ఎవరికో ఒకరికి అప్పగించాలనే సాలీడు చూసిందా? తర్వాత మోర్లన్ వస్తాడు. టోటెమ్ శక్తి ఉన్నవాళ్ళని తినే రకం, తరిమితే వదలడు. పీటర్ అణు కేంద్రంలోకి వెళ్ళి తన ఒంటినిండా రేడియేషన్ పట్టించుకుంటాడు, ఆ తిండి వాడికి విషమవుతుంది. 35వ సంచిక చివర్లో, చావుదెబ్బలు తిని, చిరిగిన డ్రస్సుతోనే మంచం మీద పడి నిద్రపోతున్న పీటర్‌ని గది తలుపు తీసిన పెద్దమ్మ చూస్తుంది.

ఇక్కడ పాత పాఠకులకి ఒక అనుమానం రావాలి, వచ్చింది కూడా. ఎందుకంటే పీటరే స్పైడర్‌మ్యాన్ అని పెద్దమ్మకి తెలియడం అదే మొదటిసారి కాదు. 1995లో మొదటి వాల్యూమ్ 400వ సంచికలో చావుబతుకుల్లో ఉన్న మే "నాకు ఎప్పుడో తెలుసు" అన్న అర్థంలో చెప్పి కన్నుమూస్తుంది. అభిమానులు కన్నీళ్ళు పెట్టుకున్న సంచిక అది. 1998లో దాన్ని తిరగేశారు. చనిపోయింది మే కాదట, ఆమె వేషంలో పెట్టిన నటి అట. అంటే ఈ ముడిని ఒకసారి విప్పి, మళ్ళీ బిగించేసినవాళ్ళు అప్పటికే ఉన్నారు. అందుకని 35 చివరి పేజీ చూడగానే, రెండు సంచికలు తిరక్కుండానే ఇది కలో, భ్రమో, వేషమో అని తేలుస్తారని చాలామంది అనుకున్నారు.

తేల్చలేదు. 38లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. పీటర్ తప్పుని తవ్వుకుంటూ వస్తాడు: ఆ రోజు దొంగని పట్టుకునే అవకాశం ఉండీ వదిలేశాను, వాడే బెన్‌ని చంపాడు. ఇది పాఠకుడికి 1962 నుంచీ తెలిసిన సంగతే. కొత్తది ఆవిడ వైపు నుంచి వస్తుంది. ఆ రాత్రి విషయంలో తప్పు తనదేనని పెద్దమ్మ కూడా ఇన్నేళ్ళూ లోలోపల మోస్తోంది. ఒకే చావుకి ఒకే ఇంట్లో ఇద్దరు నేరస్తులు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఈ ఒక్క ఏర్పాటుతో స్ట్రాజిన్‌స్కీ మేని మందులు, పిండివంటల పాత్ర నుంచి బయటికి లాగేశాడు.

రొమీటా జూనియర్ ముఖాలు చెక్కతో మలిచినట్టు ఉంటాయని ఎత్తిపొడిచేవాళ్ళు ఉన్నారు, అందులో నిజమూ ఉంది. ఫైటింగుల్లో ఆ బండతనం బలం. ఇక్కడ మాత్రం అది వేరే పని చేస్తుంది. ఎత్తు చెంప ఎముకలు, లోతు కళ్ళు, దానిమీద హన్నా వేసిన సన్నని ముడతలు: మే వయసు అంకెగా కాక బరువుగా కనిపిస్తుంది. కళ్ళలో నీళ్ళు పెద్ద ప్యానెల్‌లో చూపించి మార్కులు కొట్టేసే పని అతను చేయలేదు. తర్వాతి 39 మాటల్లేని సంచిక. ఇంత మాట్లాడించాక వెంటనే నోరు కట్టేయడం యాదృచ్ఛికమే (ఆ నెల మార్వెల్ పుస్తకాలు చాలావాటికి మాటల్లేకుండా చేయాలన్న పథకం ఉంది), కానీ వరసగా చదివితే కావాలని చేసినట్టే కుదిరింది.

ఈ మార్పు కథ యంత్రాన్నే మార్చింది. అంతకు ముందు నలభై ఏళ్ళు స్పైడర్‌మ్యాన్ కథకి సగం ఇంధనం అబద్ధాలే. భోజనానికి రాలేదేం, ఆ గాయం ఏమిటి, పెద్దమ్మకి తెలిస్తే గుండె ఆగిపోతుంది... రచయితకి ఏమీ తోచనప్పుడు ఈ తాళంచెవి తిప్పితే చాలు, బండి కదిలేది. 38 తర్వాత ఆ తాళంచెవి లేదు. స్ట్రాజిన్‌స్కీ బడిపిల్లల్ని పెట్టాడు, 50లో డెన్వర్ విమానాశ్రయంలో మేరీ జేన్‌ని కలిపాడు, 500లో (58 తర్వాత అంకె 500కి ఎందుకు దూకిందో చివర్లో చెప్తాను) పీటర్‌కి చనిపోయిన బెన్‌తో ఐదు నిమిషాలు ఇప్పించాడు. పెద్దమ్మ ఇల్లు తగలబడ్డాక ముగ్గురినీ తీసుకెళ్ళి అవెంజర్స్ ఉండే స్టార్క్ టవర్‌లో పెట్టాడు. అక్కడ ఆవిడకి బట్లర్ జార్విస్‌తో స్నేహం కలిపాడు. నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. ఆవిడకంటూ ఒక జీవితం ఉందని చూపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచదు.

ఇంత పొగిడాక కొంచెం వెనక్కి తీసుకోవాలి. పెద్దమ్మకి తెలిసింది సరే, తెలిసిన పెద్దమ్మని రచయిత వాడుకున్నది తక్కువ. 40 నుంచి 58 దాకా ఆవిడ వచ్చి ఒక మంచి మాట చెప్పి వెళ్ళడమే ఎక్కువ. కొత్త విలన్లలో మోర్లన్ తప్ప నిలిచినవాడు లేడు. 13 మంది గ్యాంగ్‌స్టర్ల శవాలు కలిసి లేచిన డిగ్గర్‌ని ఇప్పుడు ఎవరు గుర్తుపెట్టుకున్నారు? టీవీ అలవాటు ఒకటి వదల్లేదు. పీటర్, మేరీ జేన్, ఎజెకియల్, చివరికి బడిలో పిల్లలు కూడా ఒకే లయలో చమత్కారం విసురుతారు. నాలుగు సంచికలు ఒకే రోజు చదివితే తెలిసిపోతుంది. నెలకొకటి చొప్పున చదివినవాళ్ళకి ఇది అంతగా పట్టి ఉండదు.

బండి పట్టాలు తప్పింది 509లో. రొమీటా జూనియర్ 508తో వెళ్ళిపోయాడు, మైక్ డియొడాటో జూనియర్ వచ్చాడు, 509 నుంచి 514 దాకా సిన్స్ పాస్ట్ అనే కథ నడిచింది. 1973లో 121వ సంచికలో చనిపోయిన పీటర్ పాత ప్రియురాలు గ్వెన్ స్టేసీకి కవలలున్నారట, తండ్రి ఆమెని చంపిన విలన్ నార్మన్ ఆస్బార్న్ అట, పిల్లలు వేగంగా ఎదిగిపోయారట. అభిమానులు ఎందుకు మండిపడ్డారో చెప్పక్కర్లేదు. ఎందుకు అతకలేదో చూడటం ఉపయోగం. స్ట్రాజిన్‌స్కీ మొదట అనుకున్న తండ్రి పీటర్. ఎదిగిన పిల్లలుంటే పీటర్ ముసలివాడైపోతాడని సంపాదకులు ఒప్పుకోలేదు. తండ్రిని మార్చారు గానీ కథ అస్థిపంజరం అలాగే ఉంచేశారు. అందుకే కథంతా పీటర్ బాధ్యత చుట్టూ తిరుగుతుంది, బాధ్యత మాత్రం అతనిది కాదు. అతుకు ఎక్కడ వేశారో వేలుపెట్టి చూపించవచ్చు.

నాకు ఇంకో నొప్పి ఉంది. ఈ కథలో గ్వెన్ సంగతి మేరీ జేన్‌కి ముందే తెలుసు, ఏళ్ళ తరబడి దాచింది. 38లో దాపరికం ఇంటినెలా తినేస్తుందో చూపించిన రచయితే, అదే ఇంట్లో అంతకంటే పెద్ద దాపరికాన్ని పెట్టి ముందుకు సాగిపోయాడు. కవలల వ్యవహారాన్ని 2021లో నిక్ స్పెన్సర్ కథలో చెరిపేశారు. వాళ్ళు గ్వెన్ పిల్లలే కారని తేల్చారు. దాంతో ఈ ఆరు సంచికలు వదిలేసినా ఏమీ నష్టపోరు.

ముగింపు సంగతి. 2006లో మార్వెల్ సివిల్ వార్ సిరీస్ రెండో సంచికలో పీటర్ లోకమంతా చూస్తుండగా ముసుగు తీస్తాడు. 538లో నేరస్తుల నాయకుడు కింగ్‌పిన్ పంపిన తుపాకీవాడు కాలుస్తాడు, పీటర్ మేరీ జేన్‌ని పక్కకి లాగుతాడు, గుండు పెద్దమ్మకి తగులుతుంది. 539 నుంచి 543 దాకా నల్ల డ్రస్సు, జైల్లో కింగ్‌పిన్‌ని ఖైదీలందరి ముందూ చితకబాదడం, కోపంతో రాసినా బిగువుగానే ఉంటాయి. తర్వాత వన్ మోర్ డే అనే ముగింపు కథ. 2007 డిసెంబరులో వచ్చిన 545లో పెద్దమ్మ బతకడానికి పీటర్, మేరీ జేన్ తమ పెళ్ళిని మెఫిస్టోకి ఇచ్చేస్తారు. చివరి భాగాల మీద తన పేరు తీసేయమని స్ట్రాజిన్‌స్కీ అడిగాడు, చివరికి పేరు ఉండిపోయింది. కాబట్టి నింద మొత్తం ఆయన నెత్తిన వేయడం న్యాయం కాదు.

పెళ్ళి పోయిందని అందరూ ఏడ్చారు. 1987 నుంచీ ఉన్న పెళ్ళి, ఏడవాల్సిందే. కానీ ఆ బేరంలో ఇంకొకటి కొసరుగా పోయింది. పీటర్ ముసుగు వెనక ఎవరున్నారో లోకం మరిచిపోయింది, పెద్దమ్మ కూడా మరిచిపోయింది. 38వ సంచిక జరగనట్టే అయింది. ఆరేళ్ళు సమానంగా కూర్చోబెట్టి మాట్లాడించిన మనిషిని చివర్లో స్పృహ లేకుండా ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి, ఆమె పేరు మీద బేరం ఆడారు. 'నా ప్రాణానికి మీ పెళ్ళి వెల కట్టమన్నానా' అని అడిగే నోరు ఆ కథలో ఆవిడకొక్కదానికే ఉంది. ఆ నోరే లేకుండా చేశారు. 400 తర్వాత జరిగిందే మళ్ళీ జరిగింది.

చదవాలనుకునేవాళ్ళకి ముందు అంకెల చిక్కు చెప్పాలి. మొదటి వాల్యూమ్ 1963 నుంచి 1998 దాకా 441 సంచికలు. రెండో వాల్యూమ్ 58 దాకా నడిచింది. రెండూ కలిపితే 499, అందుకే 58 తర్వాత నేరుగా 500. మధ్యలో ఏవో పోయాయని వెతక్కండి. మార్వెల్ వాళ్ళ డిజిటల్ కామిక్స్ యాప్ మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో 500 కోసం 1963 పేరున్న సిరీస్ తెరిస్తే దొరకదు, 1999 అని ఉన్నదాంట్లోనే 30 నుంచి 545 దాకా ఉంటాయి. వన్ మోర్ డే నాలుగు భాగాల్లో మధ్యవి రెండూ వేరే పుస్తకాలు: ఫ్రెండ్లీ నెయిబర్‌హుడ్ 24, సెన్సేషనల్ 41. ది అదర్ అనే ఇంకో కథ కూడా మూడు సిరీస్‌లలో 12 భాగాలుగా చెల్లాచెదురైంది. దాన్ని దాటేసినా పెద్దమ్మ కథకి లోటు రాదు.

గ్వెన్ మీద మమకారం ఉన్న పాత పాఠకులు 508 దగ్గర ఆపేస్తే మంచిది. సినిమాలతో మొదలుపెట్టి పుస్తకాలకి వచ్చినవాళ్ళు 519–524, 532–543 కూడా చదవచ్చు, 544 మాత్రం తెరవకపోయినా ఫరవాలేదు. టోటెమ్ అనగానే చిరాకు పడేవాళ్ళకి మొదటి ఆరు సంచికలు కష్టమే, ఓర్చుకోవాలి. ఈ రన్‌ని సంపుటాలుగా కలిపి వేసిన అల్టిమేట్ కలెక్షన్‌లో ఒక్కటే కొంటామంటే మొదటి సంపుటం చాలు, 30 నుంచి 45 దాకా అందులోనే ఉన్నాయి. చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త: తలుపు దగ్గర పెద్దమ్మని నిలబెట్టి 35 ఆగిపోతుంది, పేజీ తిప్పితే నల్ల అట్టతో 36 వస్తుంది. సెప్టెంబరు 11 మీద రాసిన సంచిక అది, కరుడుగట్టిన విలన్ డాక్టర్ డూమ్ కన్నీళ్ళు పెట్టుకున్నందుకు ఇప్పటికీ నవ్వులపాలవుతున్నదీ అదే. దాన్ని పక్కన పెట్టి 37, 38 ముందు చదివేయండి. 36 తర్వాతైనా చదువుకోవచ్చు.