అజిరెకి: వెతుకులాట మొదటి 300 అక్షరాల దగ్గరే ఆగుతుంది, మీరు ఆగకండి

జపాన్ సామ్రాజ్యం, వలస కొరియా, తైవాన్, మంచూరియా: వీటిలో దేని మీద పీహెచ్‌డీ చేస్తున్నా మొదటి ఏడాదిలోనే తెరవాల్సిన సైట్, జపాన్ ప్రభుత్వ పాత దస్త్రాలను ఆన్‌లైన్‌లో ఉంచే ఆసియా చారిత్రక రికార్డుల కేంద్రానిది. జపాన్‌లో పొట్టిగా ‘అజిరెకి’ అంటారు, ఇంగ్లిష్ చదువరులు ‘జకార్’ అంటారు. 2001 నవంబరులో మొదలైంది. లాగిన్ లేదు, రుసుము లేదు. పుటల చిత్రాలను నేరుగా దించుకోవచ్చు. ఇంత పెద్ద ప్రభుత్వ దస్త్రాల రాశిని ఇంత ఉదారంగా తెరిచి పెట్టడం చాలా గొప్ప విషయం. అయితే దీన్ని గూగుల్‌లా వాడితే మాత్రం మోసపోతాం.

కారణం ఇదీ. ఇక్కడ వెతికేది పత్రం మొత్తంలో కాదు. పత్రం శీర్షిక, దాని మొదట్లోని సుమారు 300 అక్షరాలు మాత్రమే టైపు చేసి సూచికలో పెట్టారు. నలభై పుటల నివేదికలో మీకు కావాల్సిన మనిషి పేరు ముప్ఫయ్యో పుటలో ఉంటే ఫలితాల్లో అది రాదు. పైగా ప్రభుత్వ లేఖల్లో ఆ మొదటి 300 అక్షరాల్లో చాలా భాగం పంపినవారి హోదా, అందుకునేవారి హోదా, మర్యాద వాక్యాలే మింగేస్తాయి. కాబట్టి మనుషుల పేర్లకన్నా పదవులు, కార్యాలయాలు, తేదీలు పెట్టి వెతికితేనే వల నిండుతుంది.

ఊరి పేరు కూడా ఆ కాలపుదే ఉండాలి. మంచూరియాలో, అంటే ఈశాన్య చైనాలో, నేటి షెన్‌యాంగ్‌కి ‘హోతెన్’, 1932 తర్వాతి చాంగ్‌చున్‌కి ‘షిన్‌క్యో’, 1910 నుంచి 1945 దాకా సోల్‌కి ‘కెయిజో’. మంచూరియాని జపనీస్‌లో ‘మన్షూ’ అంటారు కదా, అందులోని ‘షూ’ అక్షరాన్ని పక్కన నీటిని సూచించే గీతలతో ఒకలా, అవి లేకుండా ఇంకోలా రాస్తారు. రెండు రాతలతోనూ వెతకండి. ఇంగ్లిష్ వైపు నుంచి వెతకడం దారి తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ, సిద్ధాంత వ్యాసానికి దాన్నే నమ్ముకోకూడదు.

ఒక పత్రం దొరికిందా, అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఇక్కడ ప్రతి పత్రం ఒక కట్టలో భాగం. ఆ కట్టని ‘బోసత్సు’ అంటారు. వర్గీకరణ వరుసలో ఒక మెట్టు పైకెళ్లి కట్ట మొత్తం తెరవండి. మీ పత్రానికి ముందున్నవీ వెనకున్నవీ కనీసం పదేసి చూడండి. జవాబు లేఖ, దాని చిత్తుప్రతి, పక్క శాఖ పెట్టిన అభ్యంతరం అక్కడే ఉంటాయి. వాటిలో మీ పదం లేదు గనక వెతుకులాటకి అవి తగలవు. వలసపాలన మీద మంచి అధ్యాయాలు ఇలా పక్క పుటల్లోంచే పుడతాయి.

ఇక చదవడం. ఒక టెలిగ్రామ్ తీసుకోండి: పైన ‘గొకుహి’ ముద్ర, అంటే అతి రహస్యం. పక్కన గళ్లలో అధికారుల ఎర్ర ముద్రలు. కింద జపనీస్ ధ్వని అక్షరాల కతకానా లిపి, విరామ చిహ్నాలు లేకుండా ఏకధాటిగా. చాలాచోట్ల నాదాక్షరాల చుక్కలు పెట్టరు, ‘క’ అని ఉన్నది ‘గ’ కావచ్చు, ‘త’ అని ఉన్నది ‘ద’ కావచ్చు. మెయిజీ యుగం (1868–1912) నాటి చేతిరాత ఇంకా కష్టం, అంతా గొలుసుకట్టు. పాత గొలుసుకట్టు రాతను చదివిపెట్టే, 2021లో వచ్చిన ఉచిత యాప్ ‘మివో’ మెయిజీకి ముందున్న ‘ఎదో’ యుగపు పుస్తకాలకి బాగా సాయపడుతుంది. మెయిజీ గుమాస్తా రాతకి మాత్రం దాని ఊహలను ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

తేదీల దగ్గర తప్పులు ఎక్కువ. పత్రాల మీద సంవత్సరం చక్రవర్తి యుగం లెక్కలో ఉంటుంది. దాన్ని మన లెక్కలోకి మార్చాలంటే మెయిజీ సంవత్సరానికి 1867, తైషోకి 1911, షోవాకి 1925 కలపాలి. షోవా 1 అంటే 1926 డిసెంబరు 25 నుంచి ఏడు రోజులే. జపాన్ 1873 జనవరి 1 నుంచి నేటి గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది, అంతకుముందువన్నీ చాంద్రమాన తేదీలే. చోసన్ (నాటి కొరియా రాజ్యం) 1896 జనవరి 1న మారింది, చైనాలోని చింగ్ ప్రభుత్వం చివరిదాకా మారలేదు. అందుకే 1880లలో ఒకే సంఘటన టోక్యో, సోల్, బీజింగ్ మూడు రాజధానుల కాగితాల్లో రెండు తేదీలతో కనిపిస్తుంది. తేదీ రాసుకునేటప్పుడే పక్కన ఏ క్యాలెండరో రాసుకోండి.

దొరకనంత మాత్రాన జరగలేదని రాయకండి. 1945 ఆగస్టులో సైన్యమూ శాఖలూ గుట్టలుగా దస్త్రాలు తగలబెట్టాయి. మిగిలిన సైనిక పత్రాల్లో చాలా భాగాన్ని అమెరికా పట్టుకుపోయి 1958లో తిరిగిచ్చింది.

పెద్ద లోటు రంగు. ఎక్కువ చిత్రాలు నలుపు తెలుపు మైక్రోఫిల్మ్ నుంచి తీసినవి. పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేసిన వాక్యం, గుమాస్తా నల్ల సిరాతో దిద్దుకున్న వాక్యం తెర మీద ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఎవరు మార్చారన్నదే మీ వాదనకి ఆధారమైతే టోక్యో వెళ్లి అసలు కాగితం చూడక తప్పదు. ప్రతి పత్రానికి అజిరెకి ఇచ్చే రెఫరెన్స్ కోడ్‌లో మొదటి అక్షరమే ఎక్కడికెళ్లాలో చెబుతుంది: ‘ఎ’ అయితే కితనోమారు పార్కులోని జాతీయ ఆర్కైవ్స్, ‘బి’ అయితే అజబుదాయిలోని విదేశాంగ ఆర్కైవ్స్, ‘సి’ అయితే ఇచిగయాలోని రక్షణ పరిశోధన సంస్థ. అక్కడ దస్త్రం అడగాలంటే అజిరెకి కోడ్ ఒక్కటే సరిపోదు, ఆ సంస్థ తనకు తాను పెట్టుకున్న పిలుపు సంఖ్య కావాలి. అది కూడా పత్రం వివరాల్లోనే ఉంటుంది. దించుకున్న రోజే కోడ్, పిలుపు సంఖ్య, ఎన్నో చిత్రమో మూడూ కలిపి ఫైలు పేరులోనే పెట్టుకోండి.