హాఫ్ అండ్ హాఫ్‌తో తొమ్మిదేళ్ళ కాపురం

ఫిల్టరు ఇత్తడిదా స్టీలుదా, పొడిలో చికోరీ ఎంత, రెండో డికాషన్ తాగొచ్చా కూడదా అని మనవాళ్ళు కావలసినంత కొట్టుకున్నారు. అందులో నేను దూరను. అమెరికాలో మన కాఫీ చెడేది డికాషన్ దగ్గర కాదు, పాల దగ్గర. పదకొండేళ్ళుగా టెక్సాస్‌లో పొద్దున్నే ఆరింటికి కాఫీ కలుపుకుంటున్నవాడిగా చెబుతున్న మాట ఇది.

వచ్చిన కొత్తలో అందరిలాగే ఎర్ర మూత గ్యాలన్ డబ్బా తెచ్చేవాణ్ణి. హోల్ మిల్క్ అన్నారు కదా, చిక్కగానే ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే వెన్న 3.25 శాతం. మన దగ్గర టోన్డ్ పాల ప్యాకెట్టులో ఉండేది 3 శాతం. గేదె పాల కాఫీతో పెరిగిన నోటికి ఇవి పాలు కడిగిన నీళ్ళలాగే అనిపించాయి. చిక్కదనం కోసం ఇంకొంచెం పోస్తే డికాషన్ పలచబడేది, డికాషన్ పెంచితే చేదు. రెండేళ్ళు ఆ రెంటి మధ్యే నలిగాను.

హాఫ్ అండ్ హాఫ్ పరిచయమైంది ఆఫీసు వంటగదిలో. బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెల్లో, ఫ్రిజ్ కూడా అక్కర్లేకుండా బుట్టలో పడి ఉంటాయి కదా, అవే. సగం పాలు, సగం మీగడ. వెన్న తక్కువలో తక్కువ 10.5 శాతం. ఓ శనివారం పెద్ద డబ్బా కొనుక్కొచ్చి ఇంట్లో డికాషన్‌లో పోశాను. ఆ రంగు చూడాలి! పాలు పడగానే తెల్లబోయే కాఫీ కాదు, పండిన ఇటుక రంగు. కొంచెం పోస్తే చాలు కాబట్టి డికాషన్ వాసన వాసనగానే ఉంది. మా ఆవిడ ఒక గుక్క తాగి, "ఇన్నాళ్ళూ మనం తాగింది ఏంటండీ?" అంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కనిపించినవాళ్ళందరికీ దీన్నే అంటగట్టాను.

ఓట్ పాలు, బాదం పాలు మా ఇంట్లో ఒక్కో వారం ఉండి వెళ్ళిపోయాయి. డబ్బాలో వచ్చే ఎవాపొరేటెడ్ పాలు మాత్రం అంత తీసిపారేయాల్సినవి కావు. నీళ్ళు సగానికి పైగా ఇగిరిపోయి ఉంటాయి కాబట్టి కోవా వాసన వస్తుంది. వానరోజు బాగుంటుంది, రోజూ అయితే మొహం మొత్తుతుంది. ఇక పొడి క్రీమర్. డబ్బా మీద 'నాన్ డైరీ', అంటే పాలు లేనిది అని ఉంటుంది, వెనక సన్నక్షరాల్లో సోడియం కేసినేట్ అని ఉంటుంది. అది పాల నుంచి తీసిందే. పాలు ముట్టని మా టీమ్ కుర్రాడొకడు ఈ సంగతి తెలియక మూడు నెలలు తాగాడు పాపం.

అసలు కథ మామయ్యగారు వచ్చినప్పటిది. తెనాలి మనిషి, కాఫీ దగ్గర మొహమాటం లేని మనిషి. ఆయనకు గొప్పగా ఇవ్వాలని, ఎవరో బహుమతిగా ఇచ్చిన ఇథియోపియా గింజలు దాచి ఉంచాను. లేతగా వేయించినవి, గ్రైండర్లో వేస్తుంటేనే నిమ్మకాయ వాసన. మన స్టీలు ఫిల్టర్లో చిక్కటి డికాషన్ దింపి, ఫ్రిజ్‌లోంచి తీసిన హాఫ్ అండ్ హాఫ్ పోసి, గ్లాసు చేతికిచ్చాను. ఆయన తాగలేదు. గ్లాసును వెలుతురుకేసి తిప్పి చూసి, "అల్లుడుగారూ, ఇదేమన్నా మజ్జిగ పులుసా?" అన్నారు. చూస్తే పైన తెల్లటి పలుకులు తేలుతున్నాయి.

పాలు విరిగాయని డబ్బా వాసన చూశాను. బాగుంది. చెంచాలో పోసుకుని రుచి చూశాను, తియ్యగానే ఉంది. అయినా అనుమానంతో పారబోసి కొత్త డబ్బా తెరిచాను. మళ్ళీ అవే పలుకులు. లోపలినుంచి మా ఆవిడ "హోల్ మిల్క్ కాచి ఇవ్వరాదూ" అంటోంది గానీ నాకు పంతం పట్టింది. చివరికి రోజూ వాడే చికోరీ పొడితో డికాషన్ వేసి అదే డబ్బాలోది పోశాను. పలుకూ లేదు, గిలుకూ లేదు.

తప్పు మీగడది కాదు, గింజలది. లేత వేపుడు గింజల్లో పులుపు ఎక్కువ. అందులోనూ మన ఫిల్టర్ డికాషన్ బాగా చిక్కన. ఆ పులుపు, ఆ వేడి ఒక్కసారిగా తగిలేసరికి మీగడలోని మాంసకృత్తులు ముద్దకట్టి పైకి తేలతాయి. నీళ్ళలో సున్నం ఉంటే ఇంకా తొందరగా. డబ్బా మీద సోడియం సిట్రేటో, ఫాస్ఫేటో కనిపిస్తుందే, అది వేసేది ఈ పలుకులు రాకుండా ఉండటానికే. మాది ఏ హంగూ లేని 'స్వచ్ఛమైన' రకం, డాలరు ఎక్కువ పెట్టి మరీ కొన్నది.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. మీగడ పాలను సన్న సెగ మీద వెచ్చబెట్టి, పాలలోకి డికాషన్ సన్నటి ధారగా పోస్తాను. డికాషన్‌లోకి పాలు కాదు. ముదురు వేపుడు పొడే వాడతాను. తర్వాత ఒక్కసారి కూడా తేలలేదు. బాగా మరగనిస్తే మాత్రం పైన నూనె చుక్కలు తేలతాయి, అదొకటి చూసుకోవాలి.

ఇప్పుడొక మాట ఒప్పుకోవాలి. మొదట్లో పొగిడినంత గొప్పదేం కాదు ఒట్టి హాఫ్ అండ్ హాఫ్. చిక్కదనం వెన్న ఒక్కదాని వల్లే రాదు. గేదె పాలలో వెన్న తీసేసినా మిగిలే సారం వేరు; దాన్నుంచే ఆ తీపి, తిరగబోస్తే వచ్చే ఆ నురగ. ఇది పెదవికి నూనెలా తగులుతుంది గానీ నురగ కట్టదు. పైగా హోమోజనైజ్ చేసింది, అంటే వెన్న పైకి తేలకుండా పాలలోనే కలిపేసింది కాబట్టి కాచినా పల్చటి పొర తప్ప మీగడ కట్టదు. మా అమ్మ వచ్చినప్పుడు రెండో రోజే, "వీటికి మీగడే రాదేంట్రా, ఇవేం పాలురా?" అంది. సగం మీగడే అమ్మా అంటే నమ్మలేదు.

అందుకే ఇప్పుడు ఎర్ర మూత పాలు రెండు వంతులు, హాఫ్ అండ్ హాఫ్ ఒక వంతు కలిపి కాస్తాను. లెక్కేస్తే వెన్న 5.7 దగ్గర తేలుతుంది, మన ఫుల్ క్రీమ్ ప్యాకెట్టు 6 శాతానికి దగ్గర. నురగా వస్తోంది, తీపీ వస్తోంది. చుట్టాలు వచ్చినప్పుడు సమపాళ్ళు. అప్పుడు దాదాపు గేదె పాల లెక్క.

కొనమంటారా అంటే, రోజుకు ఒకటో రెండో కప్పులు తాగేవాళ్ళయితే కొనండి. నాలా నాలుగు తాగి, ఏడాదికోసారి రక్తపరీక్ష కాగితం చూసి ఉలిక్కిపడేవాళ్ళయితే కొలిచి పోసుకోండి. ఒంటరిగా ఉండేవాళ్ళు చిన్న డబ్బానే తెచ్చుకోవడం మేలు. తెరిచాక వారం దాటితే నాకు నమ్మకం ఉండదు, డబ్బా మీద తేదీ ఎంత దూరంలో ఉన్నా సరే.

మామయ్యగారు మళ్ళీ ఏప్రిల్‌లో వస్తున్నారు. పొడి ఈసారి తెనాలి నుంచి తనే తెస్తానన్నారు. పాలు మాత్రం నన్నే చూసుకోమన్నారు.